ఓడినవాని ఆత్మకథ

ఆత్మకథలను సాధారణంగా గెలిచినవారి విజయగాథలుగానే లోకం చదువుతుంది. ఒక పోరాటంలో ఓడిపోయినవాడు ఆ ఓటమిని గురించి ఏమి వ్రాసుకొన్నాడో తెలుసుకోవాలన్న కుతూహలం గెలిచినవాని అభిమానికి అరుదుగా కలుగుతుంది. సూరత్ నగరంలో, లింబాయత్ ప్రాంతంలో నివసించే ఒక తెలుగు గుమాస్తాకు అటువంటి కుతూహలం కలిగింది. యాభై ఏళ్లకు చేరువైన ఆయన పగలంతా రింగురోడ్డు బట్టల మార్కెట్లో లెక్కలు చూస్తాడు. రాత్రివేళ కుస్తీవీరుల ఆత్మకథలు చదువుతాడు. ఆ అలవాటుకు మూలం 1968లో, ఆయన పుట్టుకకు ఎనిమిదేళ్ల ముందు, బొంబాయిలో జరిగిన ఒక పోటీ.

ఆ సంవత్సరం మే 29న అమెరికా మల్లుడు లూ థెజ్‌ను దారాసింగ్ ఓడించాడు. గుమాస్తా తండ్రి అప్పటికి ఇరవై రెండేళ్ల యువకుడు. సిరిసిల్ల దగ్గర ఒక పల్లెలో మగ్గం విడిచి, బొంబాయి మిల్లులో చేరి రెండేళ్లయింది. తోటి పద్మశాలి కార్మికులతో కలిసి, ఆ నెల జీతంలో కొంత ఖర్చుపెట్టి, ఆ పోటీ చూశాడు. 1982 జనవరిలో దత్తా సామంత్ నాయకత్వాన మొదలైన మిల్లుకార్మికుల సమ్మెలో రెండున్నర లక్షల మందితో పాటు ఆయన కూడా పాల్గొని, పని పోగొట్టుకొన్నాడు. కుటుంబాన్ని వెంటబెట్టుకొని సూరత్ వచ్చి మరమగ్గాల కార్ఖానాలో చేరాడు. పోయిన వస్తువులెన్నో ఉన్నా, 1968నాటి ఆ రాత్రి మాత్రం ఆయన వెంటనే వచ్చింది.

కుమారుడు తెలుగు మాధ్యమంలో నడిచే నగరపాలక పాఠశాలలో చదువుకొన్నాడు. ఇంట్లో పురాణకథలతో పాటు దారాసింగ్ కథ కూడా విన్నాడు. అమృత్‌సర్ జిల్లాలోని ధర్మూచక్ గ్రామంలో 1928లో పుట్టిన రైతుబిడ్డ సింగపూర్ వెళ్లి కుస్తీ నేర్చిన వైనం, రెండువందల కిలోల కింగ్‌కాంగ్‌ను ఎత్తి పడవేసిన వైనం, 1959లో కలకత్తాలో జార్జి గోర్డియెంకోను జయించి కామన్వెల్త్ విజేత అయిన వైనం ఆ బాలునికి కంఠస్థం. 1987లో దూరదర్శన్ రామాయణంలో ఆ దారాసింగే హనుమంతుడై కనిపించినప్పుడు, పేటలో ఉన్న ఒకే ఒక టెలివిజన్ ముందు తండ్రీకొడుకులు నేలమీద కూర్చుని చూశారు. తండ్రి చేతులు జోడించాడు. ఆ నమస్కారం దేవునికో, మల్లునికో పిల్లవానికి బోధపడలేదు.

ఆ తరువాత కేబుల్ టెలివిజన్ వచ్చింది. రంగురంగుల దుస్తులతో, పెడబొబ్బలతో అమెరికన్ కుస్తీ ఇంటింటికీ ప్రవేశించింది. కళాశాల విద్యార్థిగా ఉన్న కుమారుడు దానికి దాసుడయ్యాడు. అది ముందుగా నిర్ణయించుకొన్న ఆట అని స్నేహితులు ఎగతాళి చేసినా, ఆయన అభిమానం సడలలేదు. కాని ఒక్క నమ్మకం మాత్రం మనస్సులో గట్టిగా నిలుపుకొన్నాడు: ఇప్పటి కుస్తీ నాటకమైతే కావచ్చు, తన తండ్రి చూసిన కుస్తీ మాత్రం కాదు.

అట్లా అనుకొనడానికి ఆధారం లేకపోలేదు. ఈ దేశంలో గోదా అంటే మట్టి, చెమట, గురుశిష్య పరంపర. 1910లో లండన్‌లో గామా పహిల్వాన్ పోలెండుకు చెందిన జిబిస్కోతో రెండున్నర గంటలకు పైగా పెనుగులాడాడు. ఫలితం తేలలేదు. వారం తరువాత మళ్లీ తలపడవలసి ఉండగా జిబిస్కో రానేలేదు. 1928లో పాటియాలాలో అదే జిబిస్కోను గామా ఒక్క నిమిషం లోపున చిత్తుచేశాడు. 1921లో శాన్‌ఫ్రాన్సిస్కోలో వంగదేశపు గోబర్ గోహో, అడ్ శాంటెల్ అనే మల్లుని ఓడించి ప్రపంచ విజేత బిరుదు పొందాడు. మన వీరఘట్టంలో పుట్టిన కోడి రామమూర్తినాయుడు ఇనుపగొలుసులు తెంచి, రొమ్ముమీద ఏనుగును నిలిపి కలియుగ భీముడనిపించుకొన్నాడు. ఆ పరంపరలో దారాసింగ్‌ను నిలపడం అభిమానికి సహజమే.

కాని టిక్కెట్టు కొని చూసే వృత్తి కుస్తీ మరొక మార్గంలో పెరిగింది. అమెరికాలో సంతలవెంట, సర్కసులవెంట తిరిగిన మల్లులు పందేలరాయుళ్లను ఆకర్షించడానికి గెలుపోటములను తమలో తాము ముందే నిర్ణయించుకొనేవారు. నిజమైన కుస్తీలో ఇద్దరు సమఉజ్జీలు ఒకరినొకరు పట్టుకొని గంటలతరబడి కదలకుండా ఉండిపోవచ్చు. గామా, జిబిస్కోల పోటీయే అందుకు సాక్ష్యం. డబ్బిచ్చిన ప్రేక్షకునికి అది విసుగు. అందువల్ల 1920వ దశకంలో స్ట్రాంగ్లర్ లూయిస్, అతని సహచరులు పోటీని కుదించి, వేగం పెంచి, ఎగురవేతలు, విసిరివేతలు చేర్చి రక్తి కట్టించారు. ఈ రహస్యాన్ని బయటపెట్టకూడదన్న కట్టుబాటుకు వారి వృత్తిభాషలో 'కేఫేబ్' అని పేరు. గోదాలో శత్రువులైన ఇద్దరు ఒకే హోటల్లో కలిసి భోజనం చేయడం కూడా ఆ కట్టుబాటుకు విరుద్ధమే. 1989లో న్యూజెర్సీ రాష్ట్ర శాసనసభ్యుల ఎదుట ఒక పెద్ద కుస్తీసంస్థ తమది క్రీడ కాదు, వినోదమని ఒప్పుకొన్నది. క్రీడలపై ఉండే ప్రభుత్వ నియంత్రణను తప్పించుకొనడం దాని ఉద్దేశం. ఎందరో మల్లులు ప్రాణప్రదంగా కాపాడిన రహస్యం ఆ విధంగా చట్టం ముందు విప్పిచెప్పబడింది.

ఆ తరువాతనే మల్లుల ఆత్మకథలకు గిరాకీ ఏర్పడింది. 1999లో మిక్ ఫోలీ మరొకరి సహాయం లేకుండా, స్వహస్తంతో వ్రాసిన పుస్తకం అమెరికాలో అమ్మకాల పట్టికలలో అగ్రస్థానం పొందింది. 1998 జూన్‌లో పిట్స్‌బర్గ్‌లో దాదాపు పదహారు అడుగుల ఎత్తునుండి బల్లమీద పడిన మనిషి ఆయన. ఎవరు గెలవాలో ముందే నిర్ణయించవచ్చు గాని, పదహారు అడుగుల పతనానికి ఎముకలు ఏమి సమాధానం చెప్పాలో ఎవరూ నిర్ణయించలేరు. 2007లో వెలువడిన బ్రెట్ హార్ట్ ఆత్మకథ మరింత విషాదకరం. 1997 నవంబరు 9న మాంట్రియల్‌లో తనకు చెప్పిన ముగింపు ఒకటి, జరిగిన ముగింపు మరొకటి. రెండేళ్లు గడవకముందే, 1999 మే 23న, గోదాలోకి పైకప్పునుండి దిగే ఆర్భాటంలో పట్టుతప్పి ఆయన సోదరుడు ఓవెన్ మరణించాడు. ఈ పుస్తకాలు చదివిన సూరత్ గుమాస్తా నాటకంలో నిజం ఎంత ఉన్నదో గ్రహించి కన్నీరు పెట్టుకొన్నాడు.

చివరకు లూ థెజ్ ఆత్మకథ ఆయన చేతికి వచ్చింది. 1995లో వెలువడిన గ్రంథమది. చెప్పులు కుట్టే వలస కార్మికుని కుమారుడు థెజ్. తండ్రివద్దనే కుస్తీ ప్రారంభించి, గోబర్ గోహో చేతిలో ఓడిన ఆ అడ్ శాంటెల్ వద్దనే కీళ్లు విరిచే పట్లు అభ్యసించి, 1937లో ఇరవై ఒకటో ఏట తొలిసారి ప్రపంచ విజేత అయ్యాడు. డెబ్బై నాలుగో ఏట, 1990లో, జపానులో చివరిసారి గోదాలో దిగాడు. అంతటి విద్వాంసుడు తన వృత్తిలో గెలుపోటములు ఏర్పాటు ప్రకారం జరిగేవని దాచలేదు. దారాసింగ్‌ను గురించి గౌరవంతోనే మాట్లాడాడు. అతడు నిజమైన మల్లుడని, దేహాన్ని చక్కగా తీర్చిదిద్దుకొన్నవాడని, అతని చేతిలో ఓడిపోవడానికి తనకు అభ్యంతరం లేకపోయిందని ఆ మాటల సారాంశం.

గుమాస్తా అక్కడ ఆగిపోయాడు. 'అభ్యంతరం లేకపోయింది' అన్నప్పుడు, ఓడవలసిందిగా ఎవరో ముందే అడిగి ఉండాలి. లెక్కలు చూసే మనిషి గనుక మరొక లెక్క కూడా వేశాడు: 1968లో దారాసింగ్‌కు ముప్ఫై తొమ్మిదేళ్లు, థెజ్‌కు యాభై రెండు. పైగా ఆ కాలంలో అమెరికాలోనే ప్రపంచ విజేత బిరుదులు ఒకటికి మించి ఉండేవి. పుస్తకం మూసి, తండ్రికి కనబడని చోట పెట్టాడు. దాదాపు ఎనభై ఏళ్ల వృద్ధుడు జీవితమంతా దాచుకొన్న ఒక్క సంబరాన్ని కుమారుడే దోచుకోవాలా? దాచిపెడితే, ఆ రహస్యపు కట్టుబాటును తన ఇంట్లో తానే అమలు జరిపినట్లు కాదా?

సూరత్ ఇటువంటి ప్రశ్నలకు కొత్త ఊరు కాదు. గుజరాతీలో తొలి ఆత్మకథ పుట్టింది ఇక్కడే. కవి నర్మద్ 1866లో 'మారీ హకీకత్' అన్న పేరుతో తన జీవితాన్ని నిర్మొహమాటంగా వ్రాసుకొన్నాడు. అయితే కొద్ది ప్రతులు మాత్రమే అచ్చువేయించి, లోకానికి దూరంగా ఉంచాడు. 1886లో ఆయన మరణించాక దశాబ్దాలు గడిచి, 1933లో గాని ఆ గ్రంథం వెలుగు చూడలేదు. నిజం చెప్పడానికి ఎంత ధైర్యం కావాలో, ఎప్పుడు చెప్పాలో తెలుసుకొనడానికి అంత వివేకమూ కావాలని ఆ కవి ఎరిగినట్లున్నాడు.

ఈ నగరపు జరీ వ్యాపారం మరొక పాఠం చెబుతుంది. పట్టునూలుపై వెండితీగ చుట్టి బంగారుపూత పూసిన అసలు జరీ ఇక్కడ తయారవుతుంది. రాగితీగతో నకలు జరీ, పాలియెస్టర్ పొరతో ప్లాస్టిక్ జరీ కూడా ఇక్కడే తయారవుతాయి. నకలును నకలని చెప్పి అమ్మేవాడు వ్యాపారి. అసలని చెప్పి అమ్మేవాడు మోసగాడు. తేడా జరీలో లేదు, నోటిమాటలో ఉన్నది. అయితే థెజ్ వంటివాడు ఏ కోవకు చెందుతాడు? ఫలితం నకలు, పట్టు మాత్రం అసలు.

ఫ్రెంచి విమర్శకుడు రోలాఁ బార్త్ 1957లోనే ఈ చిక్కును మరో విధంగా విప్పాడు. కుస్తీ ప్రేక్షకుడు పోటీలో నిజాయితీ ఉన్నదా అని అడగడు, బాధ, ఓటమి, న్యాయం కళ్లకు కట్టినట్లు కనబడాలని మాత్రమే కోరుతాడు అన్నది ఆయన భావం. ఈ మాట తెలుగు నేతవాడలవారికి ఒకరు చెప్పవలసిన పని లేదు. కూనపులివారు పటం విప్పి, పద్మశాలీలకు మార్కండేయ పురాణం వినిపించినంత కాలమూ బాలుడు యమపాశం నుండి బయటపడతాడని అందరికీ తెలుసు. అయినా పాశం మెడకు తగిలే ఘట్టం రాగానే తల్లులు కొంగు కళ్లకు ఒత్తుకొన్నారు.

రోజులు గడిచాయి. ఒక ఆదివారం తండ్రే అడిగాడు:

"ఏం బుక్కురా అది? నేనొస్తే దిండు కింద దాస్తున్నవ్?"

కుమారుడు తటపటాయించాడు. "ఏం లేదు బాపూ. లూ థెజ్ రాసుకున్న కథ."

"గా తెల్లోడా!" వృద్ధుని ముఖం విప్పారింది. "ఏం రాసిండు?"

ఇక దాచడం కుదరలేదు. నేలచూపులు చూస్తూ, కుమారుడు మెల్లగా మొత్తం చెప్పాడు. ఏర్పాట్లు, ముందు నిర్ణయాలు, అభ్యంతరం లేకపోవడం, వయస్సుల లెక్క. తండ్రి అడ్డురాకుండా విన్నాడు.

"గిది చెప్పనీకి గింత భయపడ్డవా కొడుకా? మాకు ఎరుకనే. ఆ రాత్రి ఖోలీకి నడుసుకుంట వస్తుంటెనే సగం మంది అన్నరు, ముందే మాట్లాడుకున్నరని. మిల్లుల పని జేసినోళ్లం. బట్టకు ఎనుక పక్క ఎట్లుంటదో మాకు ఎరుక లేదా?"

"మరి ఇన్నేండ్లు గంత సంబురంగ చెప్పినవు గద బాపూ?"

వృద్ధుడు కాసేపు ఆలోచించాడు. "మేము గెలుపు జూడ పోలే బిడ్డా. మనసొంటి పల్లెటూరోడు, అంత పెద్ద పేరున్న తెల్లోని ఎదురుంగ బెదరకుండ నిలబడుతడా లేదా, గది జూడ పోయినం. నిలబడ్డడు. పొద్దుగాల మళ్ల మిల్లుకు పోయినప్పుడు మేస్త్రీ ముంగట నేను సుత మెడ ఎత్తి నిలబడ్డ. అది ఎవడన్న ముందే మాట్లాడి పెట్టిండా?"

కుమారుడు సమాధానం చెప్పలేదు. దిండు కింది పుస్తకాన్ని తీసి బల్లమీద పెట్టాడు. వృద్ధుడు దానివైపు చూశాడు. ఆంగ్లం ఆయనకు రాదు.

"గా తెల్లోడు మనోని గురించి ఏమన్నడో, అది మళ్లోపారి చెప్పు."

"నిజమైన పహిల్వాన్ అన్నడు బాపూ. ఒళ్లు మంచిగ కాపాడుకున్నడన్నడు."

"గట్లన్నడా?" వృద్ధుడు తృప్తిగా తల ఊపాడు. "ఇగ సాలు."