రాయి ఎత్తితే మళ్లీ అక్కడే పెట్టాలి

పోయిన నెల కాలమ్ ఎగ్గొట్టినందుకు గ్రూపులో బాగానే చీవాట్లు పడ్డాయి. ఈస్టర్ సెలవులకి ఎక్కడికెళ్లారని అడిగినవాళ్లకి "గ్రీస్" అని చెప్పి ఊరుకున్నాను. ఎందుకెళ్లామో చెప్పలేదు. పాముల్ని వెతకడానికి వెళ్లాం.

నవ్వకండి. మా వాడికి పదమూడేళ్లు, పాములూ తేళ్లూ కప్పలూ తప్ప లోకం లేదు. ఇక్కడ బ్రిటన్‌లో ఉన్నవి మూడు రకాల పాములే, దక్షిణ యూరప్ వెళ్దామని రెండేళ్లుగా ఒకటే గొడవ. రెండేళ్లూ నేను వద్దన్నాను. కారణం మా చిన్నాన్న. నాకు ఎనిమిదేళ్లప్పుడు, వసారాలో చాప మీద పడుకున్న ఆయన్ని కట్లపాము కరిచింది. చీమేదో కుట్టిందనుకుని అటు తిరిగి పడుకున్నాడట. కళ్లు మూతలు పడుతుంటే ముందు మంత్రం వేయించారు, తర్వాత బండి కట్టారు. ఆస్పత్రి దాకా చేరలేదు. మన దేశంలో 2000 నుంచి 2019 దాకా పాముకాటుతో పోయినవాళ్లు దాదాపు 12 లక్షల మందని ఒక లెక్క. ఆ లెక్కలో మా ఇంటి మనిషి లేడు, ఆయన అంతకుముందే పోయాడు.

ఈసారి వాడు వాదించలేదు. "అమ్మా, ఇప్పుడు నువ్వు పక్కనుంటావు. పెద్దయ్యాక ఎలాగూ ఒక్కణ్ణే వెళ్తాను కదా" అన్నాడు. ఇంక ఏమంటాను? మా ఆయన "నేను ఇంట్లో మొక్కలకి నీళ్లు పోస్తాలే" అని తప్పుకున్నారు.

కలమాటాలో విమానం దిగి, కారులో గంటసేపు వెళ్తే పీలోస్. దాని పక్కనే యాలోవా అనే ఉప్పునీటి మడుగు. యూరప్ మొత్తంలో ఆఫ్రికా ఊసరవెల్లి ఉన్న చోటు అదొక్కటే. మన వైపు కనిపించే ఊసరవెల్లికి దగ్గర చుట్టమే అది. రెండు రాత్రులు టార్చి పట్టుకుని దూరం నుంచే పొదలన్నీ వెతికాం, ఒక్కటీ కనబడలేదు. ఆడవి ఇసుకలో గుడ్లు పెట్టడానికి కిందికి దిగేది ఆకురాలు కాలంలోనట. అందుకే అక్కడ ఇసుక దిబ్బల మీద ఇష్టమొచ్చినట్టు తిరగకూడదు, కాలి కింద గుడ్లుంటాయి.

మిగతావి మాత్రం బాగానే కనిపించాయి. ఏప్రిల్‌లో పొద్దున తొమ్మిదీ పదకొండూ మధ్య మంచి సమయం. ఎండకి రాళ్లు కాస్త వేడెక్కుతాయి, వాటి కింద ఇవన్నీ చేరతాయి. అదే జూలైలో అయితే రాయి పెనంలా కాలుతుంది, అన్నీ లోపలికి పోతాయి. ఆలివ్ తోటల్లో తాబేళ్లు చూశాం. పెంకు వెనక అంచు పరికిణీ కుచ్చిళ్లలా విచ్చుకుని ఉంటుంది. రాత్రి పాత రాతి గోడల మీద అల్ట్రావయొలెట్ టార్చి వేస్తే తేళ్లు ఆకుపచ్చగా మెరుస్తాయి. ఆ టార్చి మన ఊళ్లోనూ పనిచేస్తుంది, ఈసారి వెళ్లేటప్పుడు రెండు పట్టుకెళ్తాను.

మూడో రోజు జరిగింది చెప్పాలి. వాడు అట్లపెనమంత రాయి కిందికి వేళ్లు దూర్చి ఎత్తబోయాడు. నేను పెట్టిన కేకకి పక్క తోటలో కుక్క మొరిగింది. కర్రతో రాయి లేపి చూస్తే, కింద నా అరచేతికన్నా పొడుగు జెర్రి! అది కుడితే ప్రాణం పోదు గానీ సెలవులు మాత్రం పోతాయి. చేతులు వణుకుతుంటే నాకు మా నాన్నమ్మ గుర్తొచ్చింది. పిడకల గూట్లో చెయ్యి పెట్టేముందు కర్రతో రెండుసార్లు తట్టేది. పుల్లల మోపుని అవతలి అంచు పట్టుకుని తన వైపుకి వాల్చేది, లోపల ఏమున్నా అవతలికే పోవాలని. రాయి ఎత్తే పద్ధతీ అచ్చం అదే. అవతలి అంచు పట్టుకుని మన వైపుకి లేపాలి, అప్పుడు మనకీ దానికీ మధ్య రాయే అడ్డు. చూశాక ఎలా ఉన్నది అలాగే పెట్టాలి, లేకపోతే కింది తడి ఆరిపోయి అది ఇల్లు కాకుండా పోతుంది. జీవి అక్కడే ఉంటే ముందు రాయి దించి, దాన్ని అంచు నుంచి దూరనివ్వాలి. చేత్తో పట్టుకోవడం మాత్రం లేదు, అక్కడ చట్టం కూడా ఒప్పుకోదు.

ముక్కు మీద చిన్న కొమ్మున్న విషప్పామునీ ఒకసారి చూశాం, మూడు మీటర్ల దూరం నుంచి. నా కాళ్లు కదల్లేదు. వాడు నా చెయ్యి పట్టుకుని మెల్లగా వెనక్కి నడిపించాడు. (కరిస్తే కట్టు కట్టద్దు, కొయ్యద్దు, ఆ కాలో చెయ్యో కదపకుండా ఆస్పత్రికి. యూరప్‌లో 112, మన దగ్గర 108.)

తిరిగొచ్చేరోజు దారి పక్కన ఒక పెద్దాయన పార ఎత్తి నిలబడ్డాడు. ఎదురుగా మీటరు పొడుగున్న గోధుమరంగు పాము. మా వాడు పరిగెత్తి ఆయన ముందు నిలబడి, తన కళ్లు చూపిస్తూ టపటపా ఆర్పాడు. నాకూ ముందు అర్థం కాలేదు. తర్వాత చూస్తే ఆ "పాము" కూడా కళ్లు ఆర్పుతోంది! పాముకి రెప్పలుండవు కదా. అది కాళ్లు లేని బల్లి, విషం లేదు, నత్తల్ని తింటుంది. పెద్దాయన ఏదో గొణిగి పార దించాడు. అది పొదలోకి పోయింది.

బయల్దేరేముందు బూట్ల మట్టంతా కడిగి, క్రిమిసంహారకంలో ముంచి ఆరబెట్టాం. కప్పల్ని చంపే ఫంగస్ ఆ మట్టితోనే ఒక మడుగు నుంచి ఇంకో మడుగుకి పోతుందట.

ఇంటికొచ్చాక అమ్మకి ఫోన్ చేసి అంతా చెప్పేశాను. చిన్నాన్నని మా అమ్మే పెంచింది, పెళ్లై వచ్చేసరికి ఆయనకి ఆరేళ్లు. అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "వాడికి మోకాళ్ల దాకా వచ్చే బూట్లు కొనిచ్చావా?" అంది.