గుగ్గిలపు ధూమపరిమళము

రాయపూరున సంధ్యవేళ పూజాగృహములనుండి వెలువడు ధూపమునకు ప్రాణభూతమైన గుగ్గిలము, ఛత్తీస్‌గఢ్ రాష్ట్రవృక్షమగు సాలము గంటుపడినచోట నూరి గడ్డకట్టిన నిర్యాసమే. ఆ నిర్యాసమును మూసిన కుండలో నుంచి, క్రింద నగ్నిని రగిల్చి, వెడలిన పొగను చల్లార్చి తైలముగా పట్టుటను అత్తరు శిల్పులు తరతరములుగా నెరుగుదురు. వారు దానిని చోయా రాల్ అందురు. పుష్పములందు పరిమళము సహజము. ఇచ్చట దహనమే దానికి జనకము! తారువంటి కటుత్వము, తోలు వాసన, వాని యడుగున సన్నని తీపి. ఒంటిగా నది దుస్సహమైనను, చందనతైలమున బిందుమాత్రముగా కలిసినపుడు గర్భాలయమునే స్ఫురింపజేయును. కేవల కృత్రిమములగు ధూపగంధములకంటె దీనినే మేము మిన్నగా నెంచుచున్నాము. పాఠకులు తమ యిండ్ల గుగ్గిలధూప సంప్రదాయములను మాకు వ్రాసి పంపవలసినదిగా ప్రార్థన.