పక్క రాష్ట్రంలో చలానా పడిందా? వదిలేస్తే ఏమవుతుంది?

తెలంగాణ కారు బెంగళూరు-మైసూరు హైవేపై వేగం దాటి కెమెరాకు చిక్కింది. 'కర్ణాటక పోలీసులు ఇక్కడిదాకా వస్తారా?' అని చాలామంది వదిలేస్తారు. ఆ ధీమా పనికిరాదు.

ఎందుకంటే మోటారు వాహనాల చట్టం దేశమంతటికీ ఒక్కటే. ఈ-చలానా వాహనం నంబరుపై నమోదవుతుంది కాబట్టి సరిహద్దు దాటినా వెంటే వస్తుంది.

కట్టకపోతే?

కేసు వర్చువల్ కోర్టుకు వెళ్లొచ్చు. కారు అమ్మేటప్పుడు ఆర్సీ బదిలీకి అడ్డుపడొచ్చు. మళ్లీ అటు వెళ్తే తనిఖీలో పాత బకాయి బయటపడొచ్చు.

అసలు చిక్కు ఎక్కడ?

మెసేజ్ వెళ్లేది ఆర్సీకి లింకైన ఫోన్ నంబరుకే. సెకండ్ హ్యాండ్ కారు కొని నంబరు మార్చుకోకపోతే చలానా సంగతి పాత ఓనర్‌కే తెలుస్తుంది, భారం మాత్రం మీది. స్నేహితుడికి బండి ఇచ్చినా నోటీసు ఓనర్ పేరు మీదే వస్తుంది.

ఏం చేయాలి?

* ఆర్సీలో మీ ఫోన్ నంబరు అప్‌డేట్ చేయించుకోండి.
* ప్రయాణం ముగిశాక కేంద్రం ఈ-చలానా పోర్టల్‌తో పాటు ఆ రాష్ట్ర పోలీసుల సైట్‌లోనూ చూడండి.
* ఫొటోలో ఉన్నది మీ బండి కాకపోతే డబ్బు కట్టకుండా ముందు ఫిర్యాదు చేయండి.
* రాయితీ ప్రకటిస్తే వాడుకోండి. 2023 ఫిబ్రవరిలో కర్ణాటక పెండింగ్ చలానాలపై 50 శాతం తగ్గించింది. సొంత రాష్ట్రం ఇచ్చే రాయితీ మాత్రం పక్క రాష్ట్ర చలానాకు వర్తించదు.
* చలానా పేరుతో వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైల్‌ను తెరవొద్దు. అది ఖాతా ఖాళీ చేసే మోసం.