కొత్త గిటారుకు పాత వేషం – మన కిన్నెరకు ఏ వేషం?

(బి.ఎస్సీ. తృతీయ సంవత్సరం విద్యార్థి)

మన హాస్టళ్ళలో ఈ మధ్య గిటార్లు పెరిగినై. సంతోషమే. గిటార్లతోపాటు ఒక తగువు కూడా పెరిగింది. అది రాగం గురించి కాదు, తాళం గురించి కాదు. గిటారు ఆకారం గురించి. అరవై డెబ్బై ఏండ్ల కిందటి వింత ఆకారాలను, ఆనాటి రంగులను, ఆనాటి బొత్తాలను తెచ్చి ఇప్పటి కొత్త ఎలక్ట్రిక్ గిటార్లకు తొడుగుతున్నారు. ఒకటి బాణం ములికి మాదిరి, ఒకటి మెరుపు మాదిరి, ఒకటి ఎవరో సగం కొరికి వదిలిన బిస్కెట్టు మాదిరి. సెల్‌ఫోనులో వీటి బొమ్మలు చూసి మన వాయించే మిత్రులు మూడు పక్షాలుగా చీలిపోయారు.

మొదటి పక్షం వారు, "ఇదంతా వట్టి వేషం. పాట రానోనికే ఆకారం కావాలె" అంటారు. రెండో పక్షం వారు, "చూడంగనే చేతులకు తీసుకోబుద్ధి కావాలె గదా! తీసుకుంటెనే గదా వాయించేది" అంటారు. మూడో పక్షం వారిది కొంచెం బరువైన మాట. "ఆ పాత గిటార్లతో పెద్ద పెద్దోళ్ళు వాయించిన్రు. అసలుది మనకు దొరకదు, దొరికినా కొనలేం. కనీసం దాని రూపమన్నా దగ్గర ఉండనీయండి" అంటారు.

నేను గిటారు వాయించేవాణ్ణి కాను. వ్యవసాయం చేసుకునే ఇంటి నుండి వచ్చి భౌతికశాస్త్రం చదువుకుంటున్న వాణ్ణి. అయినా ఈ తగువులో నాకూ ఒక మాట ఉంది. పనిముట్టు ఆకారం సంగతి రైతుబిడ్డకు ఎవరూ నేర్పనక్కర లేదు. నాగలికి మేడి ఎంత వంపు ఉండాలెనో వడ్లాయన ఊహించి పెడతాడు. సరిగా ఉన్నదా లేదా అనేది దున్నేవాని నడుము చెబుతుంది. కొడవలి పిడికి ఎంత అందమైన రంగు వేసినా సరే, కోతలనాడు అరచేయి బొబ్బలెక్కితే దాన్ని అటకమీద పడేస్తారు. వాద్యం కూడా పనిముట్టే. దాని ఆకారం మీద చివరి మాట చూసేవానిది కాదు, అమ్మేవానిది కాదు, వాయించేవానిది. నేను చెప్పదలచింది ఇంతే. కాని ఈ మాటను పట్టుకొని చివరిదాకా నడిస్తే అది మన పాలమూరుకు వచ్చి నిలబడుతుంది. అందుకే రాస్తున్నాను.

అసలు ఎలక్ట్రిక్ గిటారుకు ఇన్ని వేషాలు ఎట్లా సాధ్యమైనై? మామూలు గిటారులో తీగ ఒక్కటే అయితే సన్నగా పలుకుతుంది. దాని కింది చెక్క డొల్ల, ఆ డొల్లలోని గాలి తీగతోపాటు కంపించి ధ్వనిని పెంచుతాయి. కాబట్టి డొల్ల మారితే గొంతు మారుతుంది. ఎలక్ట్రిక్ గిటారు సంగతి వేరు. తీగల కింద అయస్కాంతం, దాని చుట్టూ వేల చుట్లుగా సన్నని రాగితీగ. ఉక్కు తీగ కదిలినప్పుడల్లా అయస్కాంత క్షేత్రం మారి రాగిచుట్టలో విద్యుత్తు పుడుతుంది. 1831లో ఫారడే కనుగొన్న సూత్రమే ఇది. ఆ విద్యుత్తును ఆంప్లిఫైయరు పెంచి స్పీకరుకు పంపుతుంది. ఇక్కడ ధ్వనిని పెంచే పని గిటారు ఒంటికి లేదు. అందువల్ల ఆ ఒంటిని ఎట్లా కోసినా చాలావరకు చెల్లుతుంది. వింత ఆకారాలకు తలుపు తెరిచింది ఈ స్వేచ్ఛే.

అమెరికాలో 1932లో అమ్మకానికి వచ్చిన తొలినాటి ఎలక్ట్రిక్ గిటారు గుండ్రని అల్యూమినియం ఒళ్ళు, పొడుగాటి మెడతో ఉండేది. జనం దానికి 'పెనం' అని పేరు పెట్టారు. నిజంగానే దోసెలు పోసుకునేటట్లు ఉంటుంది! 1958లో గిబ్సన్ కంపెనీ ఇంగ్లీషు 'వి' అక్షరం ఆకారంలో 'ఫ్లయింగ్ వీ' అనే గిటారు తెచ్చింది. ఆనాడు చూసినవాళ్ళు నవ్వారు. మొదటి రెండేళ్ళలో ఫ్యాక్టరీ దాటి బయటకు పోయినవి వందకు లోపే. కూర్చొని ఒడిలో పెట్టుకుంటే జారిపోతుంది మరి. కాని ఆల్బర్ట్ కింగ్ అనే బ్లూస్ గాయకుడు దాన్ని చేతబట్టాడు. ఆయనది ఎడమచేతి వాటం. కుడిచేతి గిటారును తలకిందులుగా తిప్పి వాయించేవాడు. రెండు వైపులా ఒకే తీరుగా ఉండే 'వి' ఆకారం, తిప్పి పట్టుకునేవానికి అడ్డం రాదు. తరువాత జిమీ హెండ్రిక్స్ కూడా ఆ గిటారును వాయించాడు. నవ్వులపాలైన ఆకారాన్ని కంపెనీవాళ్ళు 1960ల్లోనే మళ్ళీ తయారు చేయవలసి వచ్చింది. దుకాణం ఇచ్చిన తీర్పును వాయించేవాడు మార్చాడన్నమాట.

ఇంకొక ఉదాహరణ డానెలెక్ట్రో గిటారు. 1950ల్లో పేదపిల్లలు కూడా కొనగలిగే ధరకు రావాలని, మంచి కలప మాని చెక్కపొట్టును అదిమి చేసిన హార్డ్‌బోర్డుతో దాన్ని చేశారు. లోపలి అయస్కాంతాలను లిప్‌స్టిక్ గొట్టాలలో పెట్టారు. అదంతా చవక కోసం పడ్డ పాటు. ఇవ్వాళ చూడండి, ఆ లిప్‌స్టిక్ గొట్టాలనే, ఆ హార్డ్‌బోర్డునే ముచ్చటపడి మళ్ళీ చేస్తున్నారు, ముచ్చటపడి కొంటున్నారు. ఒకనాటి లేమి గుర్తు ఈనాటి సోకు అయింది!

ఇక్కడే నన్నొక ప్రశ్న పట్టుకున్నది. అమెరికా పేదపిల్లల గిటారు ఆకారం మనకు సోకు అయినప్పుడు, మన ఊళ్ళో పేదవాని వాద్యం ఆకారం ఎందుకు సోకు కాలేదు?

కిన్నెరను మీలో ఎంతమంది దగ్గరగా చూశారు? వెదురు దండి. దానికింద ఎండిన బుర్రలు. సొరకాయ అనండి, మా ఇంటి మాటలో ఆనిగెపుకాయ అనండి. దండిమీద వరుసగా మెట్లు, వాటిని నిలబెట్టేది తేనెమైనం. మీద తీగలు. ఆపైన పూసలు, అద్దాలు, నెమలీకలు. ఏ కంపెనీ గీతగాడూ ఇంత వింతైన రూపాన్ని కాగితం మీద పెట్టలేదు. ఇది పాత వేషం వేసుకున్న కొత్త వస్తువు కాదు, పాతదే. పదమూడవ శతాబ్దంలో శార్ఙ్గదేవుడు రాసిన 'సంగీత రత్నాకరం'లో కిన్నరీ వీణ ప్రస్తావన ఉంది. పాల్కురికి సోమన 'బసవ పురాణం'లో కిన్నర బ్రహ్మయ్య అనే భక్తుని కథ ఉంది. ఆయన పేరులోనే ఈ వాద్యం ఉంది.

మన కాలంలో ఈ వాద్యాన్ని ప్రపంచానికి వినిపించినవారు దర్శనం మొగిలయ్య గారు. పాత మహబూబ్‌నగర్ జిల్లా, ఇప్పటి నాగర్‌కర్నూల్ జిల్లా లింగాల మండలం మనిషి. పన్నెండు మెట్ల కిన్నెర పట్టుకొని పండుగ సాయన్న కథ పాడుకుంటూ తిరిగినవారు. 2021లో 'భీమ్లా నాయక్' సినిమా పాటలో ఆయన గొంతు విన్నాకగాని మనలో చాలామందికి ఆయన ఉన్నట్లు తెలియదు. 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో నారాయణపేట జిల్లా దామరగిద్దకు చెందిన దాసరి కొండప్ప గారికి బుర్రవీణ కళాకారునిగా పద్మశ్రీ వచ్చింది. ఒక్క పాత పాలమూరు జిల్లా నుండే, రెండేళ్ళ తేడాలో, వెదురుకు బుర్ర కట్టిన వాద్యాలకు రెండు పద్మశ్రీలు! గర్వపడవలసిన సంగతి కాదా? కాని ఆ 2024లోనే మొగిలయ్య గారు కూలిపనికి పోతున్నారని పత్రికలు రాసినై. బిరుదు వచ్చినంత మాత్రాన పూట గడవదు.

కారణం మనకు తెలియనిది కాదు. కిన్నెర డక్కలివారి వాద్యం. మాదిగ ఇండ్లను ఆశ్రయించి కథ చెప్పి, ఇచ్చింది తీసుకొని బతికిన కులం. భుజాన గిటారు వేసుకొని నడిస్తే కళాకారుడు అంటాం. భుజాన కిన్నెర వేసుకొని నడిస్తే అడుక్కునేవాడు అంటాం. రెండూ తీగలే, రెండూ మెట్లే. తేడా వాద్యంలో లేదు, చూసే కంటిలో ఉంది. మన తగువులోని మూడు పక్షాలనూ నేను అడుగుతున్నాను: ఆకారం గురించి ఇంతసేపు మాట్లాడిన మనం, ఆ ఆకారాన్ని మోసిన మనిషి గురించి ఎంతసేపు మాట్లాడినం?

కొందరు ఉత్సాహవంతులు "కిన్నెరను కూడా ఎలక్ట్రిక్ చేద్దాం, కొత్త తరానికి నచ్చుతుంది" అంటున్నారు. నేను వద్దనను. మన తెలుగువాడే ఒకరు దారి చూపించారు. పాలకొల్లులో 1969లో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్, విదేశీ వాద్యమైన మాండలిన్‌ను ఎలక్ట్రిక్ చేసి, జంట తీగలు తీసివేసి అయిదు ఒంటితీగలు కట్టుకొని కర్ణాటక సంగీతం వాయించారు. గమకం పలకడానికి ఏది కావాలో వాయించే ఆయనకు తెలుసు, దాన్నిబట్టి వాద్యాన్ని మార్చుకున్నారు. ముందు సందేహించినవారు కూడా విన్న తరువాత ఒప్పుకున్నారు. 1998లో ఆయనకూ పద్మశ్రీ వచ్చింది.

కాని కిన్నెర దగ్గర ఒక మెలిక ఉంది. గిటారుకు పెట్టే అయస్కాంతాన్నే తెచ్చి కిన్నెర తీగల కింద పెడితే, అది తీగ కదలికనే పట్టుకుంటుంది. బుర్రల గొంతు దానికి సరిగా వినపడదు. అప్పుడు బుర్రలు వట్టి అలంకారం అవుతాయి. కిన్నెర వేషం మిగులుతుంది, కిన్నెర పోతుంది. ఎలక్ట్రిక్ గిటారులో ఆకారం ఇష్టానికి సంబంధించింది. కిన్నెరలో ఆకారమే గొంతు. అందుచేత ఒత్తిడిని విద్యుత్తుగా మార్చే స్ఫటికం బిళ్ళను బుర్రకు అంటించి చూడాలి. 1880లో క్యూరీ సోదరులు కనుగొన్న ధర్మమిది. అది బుర్ర కంపనాన్నే పట్టుకుంటుంది. బిళ్ళ ఎక్కడ అంటించాలో మన ప్రయోగశాలలో కొలవవచ్చు. అయితే పలికింది కిన్నెరేనా కాదా అని చెప్పవలసింది మాత్రం మీటరు కాదు, కిన్నెర వాయించేవారి చెవి.

మార్పు అనగానే అపచారం అనుకోనక్కర లేదు. పూర్వం మెట్లకు అలుగు పెంకులు వాడేవారని చెబుతారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అలుగును చంపడం నేరం, న్యాయమే. కాబట్టి మెట్టుకు వేరే వస్తువు వాడక తప్పదు. కాని తేనెమైనం తీసివేసి మెట్లను మేకులతో బిగిస్తే, పాడేవాడు తన గొంతును బట్టి మెట్టు కొద్దిగా జరుపుకునే వీలు పోతుంది. ఏది మార్చవచ్చు, ఏది మార్చరాదు అనే తేడా కర్మాగారంలో కూర్చున్నవానికి తెలియదు. పాడి పాడి వేళ్ళు కాయలు కాసినవానికి తెలుస్తుంది.

ఇక మన కళాశాల చేయగలిగింది ఏమిటి? గోడమీద కిన్నెర బొమ్మ వేయించి ఫోటోలు దిగడం సులభం. అది గిటారుకు పాత రంగు పూసినటువంటి పనే. విద్యార్థి సంఘానికి నా మనవి వేరు.

వార్షికోత్సవ ఖర్చులో కొంత మిగిల్చి, వాయించే కుటుంబం చేతనే రెండు కిన్నెరలు చేయించుకోవాలి, వారు చెప్పిన ధరకే. ఏటా పది రోజులు కిన్నెర కళాకారుని పిలిచి నేర్పించుకోవాలి. బయటి నుండి వచ్చి ఉపన్యాసం ఇచ్చే ఆచార్యులకు ఏమి ఇస్తామో ఆయనకూ అంతే ఇవ్వాలి; అదే కుర్చీ, అదే భోజనం. మన హాస్టల్ గిటారు మిత్రులే మొదటి విద్యార్థులు కావచ్చు, మెట్లమీద వేళ్ళు నడపడం వారికి కొత్త కాదు గదా! వృక్షశాస్త్రం మిత్రులు ఒక పందిరి వేయాలి. బుర్రకు పనికివచ్చే కాయను లేతగా కోయరాదు, ముదిరి గట్టిపడేదాకా తీగకే ఉంచాలి. ఇప్పుడు అందరమూ కూరకు లేతకాయలే తెంపి అంగడికి పంపుతున్నాం. కాయ ముదరకుంటే బుర్ర లేదు, విత్తనమూ లేదు. కిన్నెర బతకాలంటే ముందు దాని పాదు బతకాలి.

"ఇది సిలబస్‌లో లేదు గదా" అని కొందరంటారు. గిటారు మాత్రం ఏ సిలబస్‌లో ఉన్నది? "ఈ వయసులో నేర్చుకుంటే వస్తుందా" అని ఇంకొందరు. అందరికీ రాకపోవచ్చు. ఇద్దరికి వస్తే చాలు. నేర్పినవారికి ఆ పది రోజుల గౌరవం, ఆ పది రోజుల వేతనం దక్కినా అది చిన్న సంగతి కాదు. వాళ్ళ పిల్లలు కూడా చూస్తారు. తమ తండ్రి కిన్నెరను కళాశాలలో పట్నం పిల్లలు కింద కూర్చొని నేర్చుకుంటున్నారని తెలిస్తే, దాన్ని అటకమీద పెట్టాలనే ఆలోచన మానుకోవచ్చు.

గిటారు మిత్రులారా, మీ తగువు ఆపమని నేను చెప్పడం లేదు. వింత ఆకారాల మీద ఎంతైనా మాట్లాడుకోండి. మీకు నచ్చితే మెరుపు ఆకారమే కొనుక్కోండి, మీరే వాయించేవాళ్ళు, తీర్పు మీదే. ఆ హక్కునే మన పాలమూరు కిన్నెరగానికి కూడా ఇవ్వండి. వచ్చే ఏడు ఈ సంచికలో ఈ విషయం మీద వ్యాసం రాయవలసి వస్తే, అది నాబోటి చూసేవాడు కాక, కిన్నెర పట్టి నాలుగు మెట్లు నేర్చిన మీలో ఒకరు రాయాలని కోరుకుంటున్నాను.