పదవికి రాజమార్గము

అమెరికా సెనేటర్లను పూర్వము రాష్ట్ర శాసనసభలే యెన్నుకొనుచుండెడివి; 1913లో జరిగిన రాజ్యాంగ సవరణచే నా యధికారము ప్రజలకు సంక్రమించెను. మన రాజ్యసభకు మాత్రము రాష్ట్రముల ప్రతినిధులను నేటికిని శాసనసభ్యులే యెన్నుకొనుచున్నారు. కావున మనదేశమున బ్రజలను దాటి పెద్దపదవి కెక్కు దగ్గరిదారి యొకటి కలదు.

కొండగట్టు గల పూర్వపు కరీంనగరు జిల్లాలోనిదే మంథని. శ్రీ పి. వి. నరసింహారావుగారు 1957లో నచటి ప్రజల వోటుతో శాసనసభ కేగిరి. 1971లో ముఖ్యమంత్రియై, తాము భూస్వాములయ్యును భూపరిమితికి బూనుకొనిరి. 1973లో జై ఆంధ్రోద్యమవేళ బదవి వీడిరి. 1991లో బ్రధానియగునాటికి పార్లమెంటు సభ్యులు కారు. అయినను రాజ్యసభను వెదకక నంద్యాల ప్రజల తీర్పునే కోరిరి.

పదవికి దగ్గరిదారి యుండవచ్చును, గౌరవమునకు లేదు. నాయకులను ఏ దారిని వచ్చితిరని యడుగుట మన విధి.