కొండవాని తుపాకి

అరకులోయలోను, దాని చుట్టుపట్ల కొండవాలులలోను చోళ్లు వెన్నుదీసి వరి పాలుపట్టు దినములలో కొండరైతునకు నిద్ర యుండదు. మంచెమీద కూర్చుండి డప్పు వాయించుచు, నెగడు ఆరిపోకుండ చూచుకొనుచు తెల్లవార్లు కావలి కాయును. ఒక్కజాము కన్ను మూతపడెనా, అడవిపందుల మంద చేనిలో దిగి నెలల కష్టమును గడియలలో పెళ్లగించి పోవును. ఈ కావలిలో పెక్కుచోట్ల వానికి తోడు తాతలనాటి నాటుతుపాకి. మూతినుండి మందుపోసి, గుడ్డపేలిక దట్టించి, సీసపు గుండునో రవ్వలనో జారవిడిచి, గజముతో కూరి పేల్చు తుపాకి యది. లైసెన్సు లేక దాని నుంచుకొన్నవానికి, 2019లో సవరింపబడిన ఆయుధచట్టము ప్రకారము, రెండేండ్లకు తగ్గని, ఐదేండ్ల వరకు పెరుగగల జైలుశిక్ష సిద్ధముగా నున్నది. దానిని చేసి యిచ్చిన కమ్మరికి ఏడేండ్లు మొదలుకొని యావజ్జీవము వరకు.

ఇది చట్టములోని ఒక పుట. మరియొక పుటను మన అధికారులు తరచుగా తిప్పిచూచినట్లు తోచదు. 1959వ సంవత్సరపు ఆయుధచట్టము 13వ సెక్షనులో, పంటకాపుదల కొరకు నిజముగా కావలసియుండి పౌరుడు మూతిమందు తుపాకిని కోరినపుడు లైసెన్సు ఇయ్యవలెననియే యున్నది, ఇయ్యవచ్చునని కాదు. ఆ తుపాకి చాలదని తోచినచో మరియొక నున్నగొట్టపు తుపాకికిని ఇయ్యవచ్చునని దాని వెంటనే చెప్పబడినది. నిరాకరించుటకు కారణములు 14వ సెక్షనులో వేరుగ నున్నవి. పేదరికము వానిలో చేరదు. తగినంత ఆస్తి లేదను కారణముచేత మాత్రమే త్రోసివేయరాదని ఆ సెక్షనే స్పష్టముగా పలుకుచున్నది. ఇంత చక్కని శాసన ముండగా, కొండవాని తుపాకి అటకమీదనో, చెట్టుతొఱ్ఱలోనో ఏల దాగియుండవలెను?

దీనికి జవాబు తుపాకి గొట్టములోనే యున్నది. పాఠకులు విసుగు చెందక కొంచెము లోనికి తొంగిచూడవలయును.

గొట్టము లోపల నున్నగా నున్నచో, గుండు దానికంటె వెంట్రుకవాసి సన్నగా నుండక తప్పదు; లేకున్న మూతినుండి దిగదు. పేలినపుడు ఆ గుండు గోడలకు తగులుచు, ఏదో యొక దిక్కునకు పొరలుచు వెలువడును. ఆ పొరలికయే దానిని గురినుండి ప్రక్కకు లాగును. ఈ సంగతిని ప్రయోగపూర్వకముగా నిరూపించినవాడు బెంజమిన్ రాబిన్స్ అను ఆంగ్లేయ గణితవేత్త. తుపాకి గొట్టమును ఒకవైపునకు వంచి పేల్చి, గుండు రెండవవైపునకు మరలుటను ఆయన చూపెను. 1742లో తోపుశాస్త్రమును గూర్చి గ్రంథము ప్రకటించి, గొట్టములో మెలితిరిగిన గాడులున్నచో గుండు బొంగరమువలె తన యిరుసుమీద తిరుగుచు సూటిగా పోవునని తరువాత వివరించెను. ఈ మహానుభావుడు కంపెనీ కొలువునకు వచ్చి 1751లో కడలూరు చెంతనున్న సెయింటు డేవిడు కోటలో మరణించెనని మనవారిలో ఎందరికి తెలియును?

ఆ మెలిక ఎంత యుండవలెనను ప్రశ్న గుండును బట్టి యుండును. అరయంగుళపు గొట్టమునకు సరిపోవు గుండ్రని సీసపుగుండు ఇంచుమించు ఒక తులము తూగును. గుడ్డపేలికలో చుట్టి దింపిన ఆ గుండునకు అరువది అరువదియారు అంగుళములకు ఒక చుట్టు చాలును. అదే గొట్టములో రెండు తులముల పొడుగాటి మొనగుండు వేసినచో ఇరువదియెనిమిది అంగుళములకే ఒక చుట్టు కావలెను. గుండు పొడుగైనకొలది మెలిక బిగియవలెను. గుండు వ్యాసముయొక్క వర్గమును నూటయేబదితో గుణించి పొడుగుచే భాగించిన ఈ లెక్క తేలునని ఊలిచ్‌లోని గణితాచార్యుడు గ్రీన్‌హిల్ 1879లో సూత్రము గట్టెను. నున్నగొట్టములో మెలికయే లేదు గనుక మొనగుండు గాలిలో పల్టీలు కొట్టును. అందుకు గుండ్రని గుండో, రవ్వలో తప్ప మరియొకటి పనికిరాదు. నలువది యేబది గజములు దాటిన పిమ్మట గురి దైవాధీనము.

ఇక చరిత్ర. 1853 నమూనా ఎన్‌ఫీల్డు తుపాకి గొట్టములో మూడు గాడులు, డెబ్బదియెనిమిది అంగుళములకు ఒక చుట్టు. దాని మొనగుండు ఇంచుమించు మూడు తులములు. దాని కొవ్వుపూసిన తూటాల మూలముననే 1857లో అగ్గి రాజినది. తిరుగుబాటణగిన పిదప దొరతనమువారు చేసిన దేమి? చూపునకు ఎన్‌ఫీల్డువలెనే యుండు తుపాకిని దేశీయ సిపాయికి చేతికిచ్చి, లోపలి గాడులను మాత్రము లేకుండ తొలిపించి నున్న చేసిరి. తెల్లసోల్జరు గుండు సూటిగా పోవును. నల్లసిపాయి గుండు పోయిన చోటికి పోవును. అపనమ్మకమును అంగుళములలో కొలిచిన జాతి యది.

1878లో లిట్టను ప్రభువు దేశభాషాపత్రికల నోరుగట్టిన యేటనే ప్రజల చేతులును గట్టెను. రిప్పను ప్రభువు కాలమున పత్రికల శాసనము రద్దయ్యెను. ఆయుధశాసనము నిలిచియే యుండెను. దాని మరుసటి సంవత్సరముననే, కల్లుమీది చిగురుపన్నునకును, మన్సబుదారుని దోపిడికిని ఓర్వలేక రంపదేశమున ఫితూరీ లేచెను. లండనులో గ్రీన్‌హిల్ లెక్క గట్టుచున్న యేటనే యిచట కొండదొరలు మెలికలేని తుపాకులతో పటాలముల నెదిరించుచుండిరి. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీలలో అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాల మీదికి వరుసగా పోయి ఇరువదియారు తుపాకులను, రెండువేల ఐదువందలకు పైగా తూటాలను గైకొనుటలో నున్న మర్మము గూడ ఇదియే. కొండలో తుపాకి లేక కాదు. ఉన్న తుపాకి సర్కారు తుపాకికి దీటు గాక. అయితే ఠాణాతుపాకికి తూటా కార్ఖానానుండి రావలెను. అది యైపోయిన కట్టెతో సమానము. నాటుతుపాకికి బొగ్గు, సురేకారము, గంధకము దొరికిన చాలును. అందుచేతనే అది యిన్నేండ్లు బ్రతికియున్నది.

1930 జనవరిలో గాంధీమహాత్ముడు ప్రకటించిన పదకొండు కోరికలలో ఆత్మరక్షణార్థము ఆయుధముల లైసెన్సు ఒకటి. స్వరాజ్యము వచ్చినది, లిట్టను శాసనము పోయి 1959 చట్టము వచ్చినది, 2022 ఏప్రిలు 4న పాడేరు ముఖ్యస్థానముగా అల్లూరి సీతారామరాజు పేరనే జిల్లా ఏర్పడినది. ఠాణా తుపాకులు పట్టుకొనిపోయిన వీరుని పేరు జిల్లాకు పెట్టుకొని, ఆ జిల్లాలో చేనుకాపు తుపాకికి సంకెళ్లు వేయుట మాకు వింతగా నున్నది.

కొడగుదేశపు సంగతి చూడుడు. 1857నాటి రాజభక్తికి బహుమానముగా 1861లో కొడవజాతివారికి లైసెన్సు లేకయే తుపాకి యుంచుకొను వెసులుబాటు లభించెను. దానిని మన కేంద్రప్రభుత్వమే 2019లో మరి పదేండ్లు, 2029 వరకు, పొడిగించినది. చెల్లునని 2021లో కర్ణాటక హైకోర్టు తీర్పు చెప్పినది. కొడవల హక్కును మేము కాదనము. తెల్లదొరకు తోడుపడినవాని మనుమనికి లైసెన్సే అక్కరలేకపోగా, ఎదిరించినవాని మనుమనికి లైసెన్సు సహితము అందకుండుట ఏ న్యాయము?

అధికారుల భయము నిరాధారము కాదు. 2018 సెప్టెంబరు 23న డుంబ్రిగుడ మండలము లివిటిపుట్టువద్ద అరకు శాసనసభ్యుడు కిడారి సర్వేశ్వరరావును, మాజీ శాసనసభ్యుడు సివేరి సోమను మావోయిస్టులు కాల్చిచంపిరి. కాని ఒకసారి పేల్చి, మరల మందు దట్టించుటకు అరనిమిషము పట్టు నున్నగొట్టపు తుపాకిని నమ్ముకొని యే దళమును అడవిలో నిలువదు. వన్యమృగముల మాట కొందరెత్తుదురు. అదియు సబబే, ఇటుకల పండుగ వేటపేర కనబడిన జంతువునెల్ల కూల్చుటను మేము సమర్థింపము. చేను పాడుచేయు మృగమును చంపుటకు 1972 వన్యప్రాణి చట్టము 11వ సెక్షను క్రింద అనుమతి వేరుగ పొందవలసినదే. తుపాకి లైసెన్సు ఆ అనుమతికి మారుకాదు. పెక్కుమారులు గుండుతో పనియే యుండదు. వట్టిమందు చప్పుడుకే పందులు పారిపోవును. తుపాకి లాగికొన్నచోట రైతులు చేనిచుట్టు కరెంటుతీగ కట్టుటకు దిగిన, దానికి పందియని మనిషియని భేదము తెలియదు.

కొండవానికి గాడుల తుపాకి యిండని మేము కోరుట లేదు. దాని గుండు చేను దాటి అవతలి గూడెము దాక పోగలదు. ఒకనాడు సిపాయికి అవమానముగా ఇయ్యబడిన నున్నగొట్టమే నేడు చేనుకావలికి తగినది. కావలసినదెల్ల అది సరియైన గొట్టమగుటయే. కమ్మరి చాటుగా అతుకులున్న నీటిగొట్టమును తుపాకి చేయును. దానికి కొలత యుండదు. కొలతలేని గొట్టములో ఏ గుండు దిగునో తెలియదు. గుండు మందుమీద ఆనక నడుమ చిక్కుకొన్నను, తుపాకిమందు బదులు బాణసంచామందు పోసినను గొట్టము పగిలి పేల్చినవాని వ్రేళ్లో, కన్నో పోవును. ఆ గాయముతో వాడు ఆసుపత్రికి పోవుటకు సహితము జంకును. అచటినుండి ఠాణా దూరము కాదు గదా!

కావున జిల్లా మెజిస్ట్రేటువారు దరఖాస్తుదారు ఘాటుదిగి కచ్చేరికి వచ్చువరకు కూర్చుండక, తామే సంతలకు సిబ్బందిని పంపి దరఖాస్తులు వ్రాయించుకొనవలెను. నిబంధనలు కోరు భద్రతాశిక్షణను వారి భాషలలో అచటనే నేర్పింపవలెను. దాచిన తుపాకిని తెచ్చి అప్పగించినవానిపై కేసు పెట్టక, దాని బదులు పరీక్షింపబడి ముద్రపడిన గొట్టము గల తుపాకిని, దానికి సరిపోవు గుండు కొలతతో సహా, లైసెన్సుతో ఇప్పించుటకు ప్రభుత్వమువారు ఉత్తరువు చేయవలెను. చోళ్లు మరల వెన్నుదీయులోగా ఒక్క మండలమున నైనను ఈ పని మొదలిడుదురా యని మేము అడుగుచున్నాము.