పద్మాపురం పూలతోట

విజయనగరం జిల్లాలోని శృంగవరపుకోట దాటగానే రైలు కొండలలోకి ప్రవేశిస్తుంది. సొరంగం వచ్చిన ప్రతిసారీ పెట్టెలోని పిల్లలు కేరింతలు కొడతారు. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చడానికి 1960వ దశకంలో వేసిన మార్గమిది. ఖనిజంతోపాటు అరకులోయలోని పద్మాపురం ఉద్యానవనాన్ని చూడగోరే యాత్రికులనూ అది మోస్తున్నది.

ఆ తోట కూడా పూల కోసం పుట్టినది కాదు. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో సైనికులకు కూరగాయలు పండించి పంపేందుకు దానిని నెలకొల్పారు. కూరమళ్ళున్న నేలలో నేడు గులాబీలు పూస్తున్నాయి. చూడవచ్చినవారిలో ఈ సంగతి ఎరిగినవారు కొద్దిమందే.

బొమ్మరైలెక్కి, పూలముందు నిలిచి ఛాయాచిత్రాలు తీయించుకొని మరలిపోవడం ఇప్పటి ఆచారం. అది తప్పని నేననను; దూరం నుండి వచ్చినవారికి ఒక జ్ఞాపకం కావాలి కదా! అయితే నీళ్ళు పెడుతున్న తోటమాలిని ఒక్క మొక్క పేరైనా అడిగి తెలుసుకోకుండా తిరిగి రావడం మాత్రం నాకు వెలితిగానే తోస్తుంది.

ఇక పువ్వు తుంచడం సంగతి. “ఒక్కటే కదా” అని ప్రతివారూ అనుకుంటారు. ఇంటి పెరట్లో కోసిన పువ్వు దేవుని పటానికో, జడకో చేరుతుంది. ఇక్కడ తుంచినది బస్సు ఎక్కేలోపే వాడి దారిలో పడిపోతుంది. బొబ్బిలి నుండో, నరసన్నపేట నుండో ఎన్నాళ్ళకో ఒకసారి తీరిక చేసుకొని, పిల్లలతో మధ్యాహ్నానికి అక్కడికి చేరిన కుటుంబానికి ముళ్ళకొమ్మ మాత్రమే కనిపిస్తుంది.